జూడోలో పడటం ఎలా నేర్పాలి: నడక, తిరుగుడు, ఉకెమి

(వ్యాయామ ఉపాధ్యాయులు, జూడో కోచ్‌ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మ్యాట్ మీద చేసి చూపించిన చోట్ల ఆ వివరం కుండలీకరణాల్లో ఉంది.)

ఉపాధ్యాయ మిత్రులకు, కోచ్‌లకు నమస్కారం.

జూడో క్లాసులో కొత్తగా చేరిన పిల్లలు మొదట అడిగేది ఒకటే. "సార్, ఎత్తి పడెయ్యడం ఎప్పుడు నేర్పుతారు?" తల్లిదండ్రులదీ అదే ప్రశ్న. రెండు వారాలైనా పిల్లవాడు ఇంకా నేల మీద దొర్లుతూనే ఉంటే, కట్టిన ఫీజు దండగేమో అనుకుంటారు. ఆ ఒత్తిడికి మనం లొంగిపోతాం. మూడో రోజో నాలుగో రోజో ఒసోతో గారి నేర్పేస్తాం, అంటే ఎదుటివాడి కాలిని వెనక నుంచి కోసి వెల్లకిలా పడేసే పట్టు. ఈ వేళ నేను మాట్లాడేదంతా ఆ తొందర గురించే. పడటం రాని పిల్లవాణ్ణి మనం పడెయ్యకూడదు, ఇంకొకణ్ణి పడెయ్యనివ్వకూడదు.

రెండో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ఉకెమి అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి. చాలా క్లాసుల్లో అది చేత్తో మ్యాట్‌ని చరచడం అయిపోయింది. చప్పుడు గట్టిగా వస్తే బాగా పడ్డాడని మెచ్చుకుంటున్నాం. తల ఎక్కడుంది, నేలకు తగిలే ముందు నడుము ఎంత కిందికి దిగింది అని చూడటం లేదు. దెబ్బ తగ్గేది ముందుగా నడుము దిగడం వల్ల, వీపు గుండ్రంగా ఉండటం వల్ల, గడ్డం ఛాతీకి ఆనుకుని ఉండటం వల్ల. చెయ్యి వీటన్నిటి తర్వాత.

కొంచెం లెక్క చూద్దాం. ఒక మనిషి తల నేల నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. అంత ఎత్తు నుంచి ఒక వస్తువును వదిలేస్తే నేలకు తగిలేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 5.6 మీటర్లు. కానీ మనిషి మోకాళ్లు బిగబట్టి నిలువునా వెనక్కి ఒరిగితే తల వేగం అంతకంటే ఎక్కువ, సెకనుకు దాదాపు 6.9 మీటర్లు. అంటే గంటకు 25 కిలోమీటర్లు. గోడకు చేర్చిన నిచ్చెన పక్కకి పడితే పై కొనే అన్నిటికంటే జోరుగా నేలను కొడుతుంది కదా, ఇదీ అంతే. అదే మనిషి మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుని, పిరుదులు నేలకు పాతిక సెంటీమీటర్ల ఎత్తులో ఉండగా వెనక్కి ఒరిగితే, పిరుదులు తాకే వేగం సెకనుకు 2.2 మీటర్లకు మించదు. ఆ తర్వాత వీపు గుండ్రంగా ఉంటే నడుము, వీపు మధ్య భాగం, రెక్క ఎముకలు వరసగా నేలను తాకుతాయి. దెబ్బ ఒక్కచోట, ఒక్క క్షణంలో పడదు. తల అసలు నేల దాకా పోదు.

మరి చెయ్యి చరచడం ఎందుకు? రెండు కారణాలు. చెయ్యి మొత్తం ఒకేసారి నేలకు తగిలితే బరువు ఇంకొంచెం విశాలంగా పరుచుకుంటుంది. దీనికంటే ముఖ్యమైనది రెండోది. పడేటప్పుడు ఎవరి చెయ్యైనా నేలకు ఆన్చుకోవడానికి పరిగెత్తుతుంది, అది పుట్టుకతో వచ్చిన అలవాటు. అలా ఆన్చిన చేతికి మణికట్టు దగ్గర విరుగుతుంది, లేదా మోచెయ్యి తొలుగుతుంది. చరచడం నేర్పితే ఆ చేతికి ఇంకో పని దొరుకుతుంది, ఆన్చుకోవడానికి పోదు. చరుపు వల్ల నాకు కనిపించే అసలు లాభం ఇదే. అందుకే పిల్లవాడు మెల్లగా చరిచినా ఫర్వాలేదు. సరైన సమయంలో, సరైన చోట చరిచాడా అన్నదే చూడాలి.

తల గురించి ఇంత పట్టుబట్టడానికి జపాన్ అనుభవమే కారణం. అక్కడి స్కూళ్లలో 1983 నుంచి 2011 వరకు జూడో వల్ల 118 మంది పిల్లలు చనిపోయారని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఉచిదా ర్యో లెక్క తీశారు. వాళ్లలో ఎక్కువమంది తలకు దెబ్బ తగిలినవాళ్లే. మొదటి ఏడాది విద్యార్థులు చాలామంది ఉన్నారు. 2012లో జపాన్ మిడిల్ స్కూళ్లలో బుదో, అంటే జూడో లాంటి జపాన్ యుద్ధకళలు, తప్పనిసరి పాఠ్యాంశమైనప్పుడు ఈ లెక్క మీద పెద్ద చర్చే జరిగింది. జూడో పుట్టిన దేశంలో, మంచి మ్యాట్లు, నల్ల బెల్టు మాస్టర్లు ఉన్నచోట ఇలా జరిగింది. మన దగ్గర ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

అక్కడ పిల్లల ప్రాణం తీసినది చాలాసార్లు మెదడు పైపొర కింద రక్తం చేరడం. మెదడుకూ దాని పైపొరకూ మధ్య సన్నని సిరలుంటాయి. తల ఒక్కసారిగా వెనక్కి విసురుకుని ఆగితే పుర్రె ఆగుతుంది, లోపల మెదడు ఇంకా కదులుతుంది, ఆ సిరలు తెగుతాయి. తల మ్యాట్‌కి గట్టిగా తగలకపోయినా ఆ విసురుకే తెగవచ్చు. కాబట్టి మ్యాట్ మెత్తగా ఉంది, ఏమీ కాదు అన్న ధీమా పనికిరాదు. మెడ బిగించి, గడ్డం లోపలికి పెట్టుకోవడానికి మెత్తటి మ్యాట్ బదులు కాదు.

ఇక నేర్పే వరస. పడటం కంటే ముందు నిలబడటం, నడవటం ఉన్నాయి. వీటిని చాలామంది రెండు నిమిషాల్లో ముగించేస్తారు. నా దృష్టిలో ఉకెమి మొదటి సగం ఇక్కడే ఉంది.

(నిలబడి చూపిస్తూ) ఇది షిజెన్‌తాయ్, సహజంగా నిలబడే తీరు. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు, చిన్నపిల్లలకైతే ఒక అడుగు. మోకాళ్లు బిగబట్టలేదు, మడవనూ లేదు, సడలించి ఉంచాను. బరువు పాదం ముందు భాగం మీద ఉంది. మడమ నేలను తాకీ తాకనట్టుంది, కింద ఒక కాగితం దూర్చవచ్చు. మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడమని మాత్రం చెప్పకండి, పిక్కలు పట్టేస్తాయి, నడక గెంతులా మారిపోతుంది. కుడికాలు ముందుకు వేస్తే మిగి షిజెన్‌తాయ్, ఎడమకాలు వేస్తే హిదారి. నడుము దించి కాళ్లు ఇంకా ఎడంగా పెడితే జిగోతాయ్. కొత్త పిల్లలు భయంతో తమకు తెలియకుండానే ఈ జిగోతాయ్‌లోకి పోయి, తల వంచి, చేతులు కర్రల్లా చాచి నిలబడతారు. అలా నిలబడ్డవాడు కదలలేడు. కదలలేనివాణ్ణి లాగితే దబ్బున కూలతాడు. మొదట సరిచేయాల్సింది అదే.

నడకలు రెండు. త్సుగి అషిలో ముందు కాలు జరుగుతుంది, వెనక కాలు దాని వెంట వస్తుంది, దాన్ని దాటదు. అయుమి అషిలో మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి. రెండింటిలోనూ పాదం నేలను రాస్తూ జరగాలి. కెండో, ఐకిడో, కరాటే అన్నిటా ఈ రాసుకుంటూ జరిగే నడక ఉంది, పేర్లూ మడమ ఎత్తే తీరూ కొంచెం మారతాయంతే. ఇక్కడ తప్పులు మూడు చూస్తాం. పాదాలు రెండూ దగ్గరకు వచ్చేయడం, ఒక కాలు రెండోదాన్ని అడ్డంగా దాటడం, అడుగు అడుగుకీ తల పైకీ కిందికీ ఊగడం. పాదాలు కలిసిన ఆ ఒక్క క్షణంలో ఎవరు తోసినా మనిషి నిలవడు. ముందు కాలిని పాదంతో ఊడ్చేసే దె అషి బారాయ్ పట్టు మొత్తం ఆ క్షణం కోసం కాచుకుని ఉంటుంది. తల ఊగుతోందంటే మోకాళ్లు బిగుసుకుంటున్నాయని అర్థం. ఇద్దరేసి పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, జాకెట్ పట్టుకోనిచ్చి, మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించండి. మీరు పక్కన కూర్చుని తలలు మాత్రమే చూడండి. గీత గీసినట్టు ఒకే ఎత్తులో పోతే సరి.

తిరుగుడు, తాయ్ సబాకి. జూడోలో దీన్ని నాలుగు రకాలుగా నేర్పుతారు. ఒక కాలు ముందుకు వేసి 90 డిగ్రీలు తిరిగేది, వెనక్కి వేసి 90 డిగ్రీలు తిరిగేది, ముందుకు వేసి 180, వెనక్కి వేసి 180. ముందుకు వేసి 180 తిరిగేది చూడండి. (చూపిస్తూ) కుడిపాదం ఎదుటివాడి కుడిపాదం ముందు పెట్టాను, వేళ్లు లోపలికి తిప్పి. ఆ పాదం ముందు భాగం మీద తిరుగుతూ ఎడమకాలిని వెనక నుంచి గుండ్రంగా తెచ్చి వాడి ఎడమపాదం ముందు ఉంచాను. ఇప్పుడు ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం. నా మోకాళ్లు మడిచి ఉన్నాయి, నా బెల్టు వాడి బెల్టు కంటే కిందికి ఉంది.

ఇక్కడ పిల్లలకు దెబ్బ తగిలేది మోకాలికి. పాదం మొత్తం నేలకు అతికినట్టు ఉంచి పై శరీరాన్ని తిప్పితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు, కాలి బొటనవేలు ఎప్పుడూ ఒకే దిక్కు చూడాలి, ఈ ఒక్క మాట రోజూ చెప్పండి. మ్యాట్ చెమటతో జిడ్డుగా ఉన్నా పాదం తిరగదు, అదే మెలి వస్తుంది. మన ఎండాకాలంలో అరగంటకు ఒకసారి మ్యాట్ తుడిపించక తప్పదు. ఇంకో తప్పు, నడుము తిరగకుండా ముందు తల తిరిగిపోవడం. అప్పుడు వెన్ను వంకర తిరిగి, బరువు మడమ మీదికి పోతుంది, వెనక నుంచి చిన్న లాగుడుకే కూలిపోతారు.

ఇదంతా పడటానికి ఎందుకు కావాలి? మోకాళ్లు సడలించి, బరువు తన పాదాల మీదే ఉంచుకుని కదిలే మనిషికి ఒక కాలు పోయినా రెండో కాలు మడుచుకుంటుంది. నడుము దానంతటదే కిందికి దిగుతుంది. కాళ్లు బిగబట్టి, ఎదుటివాడి మీద వాలి నిలబడ్డ మనిషి మాత్రం నిలువునా ఒరుగుతాడు. ఇందాకటి లెక్కలోని 2.2కీ 6.9కీ తేడా మోకాలు మడతలో ఉంది. నడక నేర్పని చోట ఉకెమి ఎన్నిసార్లు చేయించినా, నిజంగా పడేటప్పుడు ఒంట్లోకి రాదు.

ఇప్పుడు ఉషిరో ఉకెమి, వెనక్కి పడటం. దీని మీద ఎక్కువసేపు ఉంటాను. కొత్తవాళ్లకు ప్రమాదం ఎక్కువగా వెనక్కి పడ్డప్పుడే.

మొదటి మెట్టులో చేతులే లేవు. పిల్లవాడు వెల్లకిలా పడుకుంటాడు, తల ఎత్తి తన బెల్టు ముడిని చూస్తాడు. పది సెకన్లు. దించి, మళ్లీ. ఐదుసార్లు. పది సెకన్లకే మెడ వణుకుతుంటే ఆ పిల్లవాడికి మెడ బలం చాలదని తెలిసిపోతుంది. వాడికి ఆ వారమంతా ఇదే. మిగతావాళ్లతో కలిపి ముందుకు తీసుకుపోవద్దు. చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ సన్నం, అందుకని ఈ మెట్టు వాళ్లకు ఇంకా ముఖ్యం.

రెండో మెట్టు చేతులు. వెల్లకిలా పడుకునే, తల ఎత్తే ఉంచి, ఛాతీ ముందు మణికట్లు అడ్డంగా పెట్టుకుని రెండు చేతులూ ఒకేసారి నేల మీద చరచాలి. అరచెయ్యి నేలవైపు, వేళ్లు కలిపి, బొటనవేలు కూడా కలిపే ఉంచాలి. వేలి కొన నుంచి భుజం దగ్గర దాకా చెయ్యి మొత్తం ఒకేసారి తగలాలి. ఒంటికీ చేతికీ మధ్య కోణం 30 నుంచి 45 డిగ్రీలు. పిల్లలకు డిగ్రీలు చెప్పనక్కర్లేదు, తొడ పక్క నుంచి వేళ్లకు జానెడున్నర అని కొలిచి చూపించండి. చేతులు భుజాల వరుసకు, ఇంకా పైకి పోతే దెబ్బ నేరుగా భుజం కీలుకు వెళ్తుంది, ఛాతీ విచ్చుకుని తల వెనక్కి వాలుతుంది. మరీ దగ్గరగా ఉంటే తన చెయ్యి మీద తనే పడతాడు. మోచెయ్యి వంచి చరిస్తే మోచెయ్యే ముందు తగులుతుంది. ఈ మూడు తప్పులూ పడుకుని ఉన్నప్పుడే దిద్దాలి. నిలబడి పడేటప్పుడు దిద్దడానికి మీకూ సమయం ఉండదు, వాడికీ ఉండదు.

మూడో మెట్టు కాళ్లు చాపి కూర్చుని, నాలుగో మెట్టు గొంతుక్కూర్చుని, ఐదోది నిలబడి. ఒక్కో మెట్టుకు కనీసం రెండు మూడు క్లాసులు.

గొంతుక్కూర్చునే మెట్టులో చూడాల్సింది పిరుదులు ఎక్కడ ఆనాయన్నది. మడమలకు దగ్గరగా ఆనాలి. (చూపిస్తూ) ఇలా దూరంగా విసిరి కూర్చుంటే తోక ఎముక మీద నేరుగా దెబ్బ. ఆ నొప్పి వారాల తరబడి వదలదు, పిల్లవాడు వెనక్కి పడటమంటేనే భయపడతాడు. వీపు గుండ్రంగా ఉంటే పిరుదుల నుంచి బెల్టు దాకా, బెల్టు నుంచి రెక్క ఎముకల దాకా సాఫీగా దొర్లుతాడు. వీపు చదునుగా ఉంటే దబ్‌మని ఒకేసారి పడతాడు, ఊపిరి ఆగిపోతుంది. చరుపు పడాల్సింది బెల్టు ఉన్న చోటు నేలకు తగిలేటప్పుడు. భుజాలు తగిలాక చరిస్తే ఆ చరుపు చప్పుడుకే. అదే సమయంలో ఊపిరి బయటికి వదలాలి. పళ్లు కలిపి ఉంచమనండి, నాలుక మధ్యలో ఉంటే తెగుతుంది. కాళ్లు పైకి లేస్తాయి, లేవనివ్వండి. కానీ మోకాళ్లు ముఖం మీదుగా వెనక్కి పోకూడదు, పోతే బరువంతా మెడ మీదికి వస్తుంది.

గడ్డం విషయంలో చూపుతో చెప్పలేకపోతే చేతిరుమాలు మడిచి గడ్డానికీ ఛాతీకీ మధ్య పెట్టండి. పడి లేచేసరికి రుమాలు అక్కడే ఉండాలి. జారిందంటే తల వెనక్కి వెళ్లింది. కోచ్ వెయ్యిసార్లు "గడ్డం, గడ్డం" అని అరిచే బదులు ఈ రుమాలు ఆ పని చేస్తుంది, పిల్లలు దీన్ని ఆటగా తీసుకుంటారు కూడా.

యోకో ఉకెమి, పక్కకి పడటం. జూడోలో ఎక్కువ పట్లకు పడేది ఇలాగే, కాబట్టి సంఖ్యలో ఎక్కువ చేయాల్సింది ఇదే. కుడివైపు పడాలంటే కుడికాలు ఎడమవైపుకి ఏటవాలుగా ముందుకు జారుతుంది, ఎడమ మోకాలు మడుచుకుంటుంది, నడుము దిగుతుంది, కుడి పిరుదు, కుడి వీపు పక్క, కుడి చెయ్యి చరుపు. ఎడమ చెయ్యి పొట్ట మీద, బెల్టు దగ్గర. ఒళ్లు పూర్తిగా పక్కకి తిరిగి భుజం మొన మీద పడకూడదు, కొంచెం వీపు వైపుకి ఉండాలి. కాళ్లు ఎలా ఉన్నాయో చూడండి. (చూపిస్తూ) కుడికాలు బయటి అంచు మొత్తం నేలకు ఆనింది, ఎడమపాదం అరికాలు నేలకు ఆనింది, మోకాళ్ల మధ్య భుజాల వెడల్పంత ఖాళీ. కాళ్లు ఒకదాని మీద ఒకటి పడితే చీలమండలు ఢీకొంటాయి. పిల్లల చీలమండల లోపలి వైపు కమిలి ఉన్నాయంటే ఈ తప్పు చేస్తున్నారన్నమాట.

ముందుకు దొర్లే జెన్పో కైతెన్ ఉకెమి అందరికీ ఇష్టం. చూడ్డానికి బాగుంటుంది, ప్రదర్శనల్లో చేయిస్తాం. కాలర్ బోన్ విరిగేదీ ఇక్కడే. కుడికాలు ముందు. ఎడమ అరచెయ్యి కుడిపాదం పక్కన నేల మీద. కుడి చెయ్యి ఆ రెంటి మధ్య, వేళ్లు లోపలికి, మీ వైపు తిరిగి. కుడి చిటికెన వేలి అంచు నేలకు తగులుతుంది, అక్కడి నుంచి ముంజేయి బయటి అంచు, మోచేతి పక్క, భుజం వెనక భాగం, వీపు మీద ఏటవాలుగా దాటి ఎడమ నడుము, ఎడమ తొడ పక్క. ఎడమ చెయ్యి చరుస్తుంది. ఈ దారి మొత్తంలో తల ఎక్కడా లేదు. తల ఎడమ చంకలోకి చూస్తూ ఉంటుంది.

తప్పు ఎక్కడ వస్తుందంటే, కుడి మోచెయ్యి మధ్యలో మడిచిపోతుంది. చెయ్యి విల్లులా వంగి బిగువుగా ఉండాల్సింది కూలిపోతే ఒంటి బరువంతా భుజం మొన మీద పడుతుంది. కాలర్ బోన్ విరగడం, భుజం పైన కీలు జరగడం ఇలాగే. భయంతో మధ్యలో ఆగిపోయేవాళ్లకే ఎక్కువగా ఇలా అవుతుంది. కాబట్టి నిలబడి కాదు, ఒక మోకాలు మీద కూర్చుని మొదలుపెట్టండి. మొదట చరుపు కూడా వద్దు, దొర్లడం ఒక్కటే. దొర్లాక వీపు మీద ఏ దారిలో తగిలిందో పిల్లల్నే అడగండి. వెన్నెముక మీదుగా నిటారుగా దొర్లితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ నొప్పి చెబుతాయి. దూకి దొర్లడం, మనుషుల మీదుగా దూకించడం ఆరు నెలలకు ముందు వద్దు. దానివల్ల నేర్చుకునేది తక్కువ, విరిగేది ఎక్కువ.

ఐకిడో వాళ్లు ఇదే దొర్లుడును చరచకుండా, వెనక కాలు మడిచి, ఆగకుండా లేచి నిలబడేలా చేస్తారు. జూడోలో పట్టుకున్నవాడు చెయ్యి వదలడు, కాబట్టి దొర్లిపోవడానికి వీలుండదు, అక్కడే ఆగి దెబ్బను పంచుకోవాలి. అందుకే చరుపు. సిమెంటు రోడ్డు మీద పడితే ఐకిడో పద్ధతే నయం. సిమెంటు మీద చెయ్యి చరిస్తే చెయ్యి పోతుంది, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

మాయె ఉకెమి, బోర్లా పడటం, త్వరగా చెబుతాను. మోకాళ్ల మీద నిలబడి ముందుకు ఒరగాలి. అరచేతి నుంచి మోచేతి దాకా ముంజేతులు రెండూ ఒకేసారి, చేతులు లోపలికి కొంచెం ఏటవాలుగా, ముఖం పక్కకి, పొట్ట నేలకు ఆనకుండా. మోచేతులు ముందు తగిలినా, అరచేతులు ముందు తగిలినా తప్పే.

ఇంతవరకు ఒంటరిగా పడటం. ఇప్పుడు ఇద్దరి పని. పడేసేవాణ్ణి తోరి అంటాం, పడేవాణ్ణి ఉకె అంటాం. ఉకెమి సగం తోరి చేతిలో ఉంది, ఇది మన క్లాసుల్లో చెప్పని మాట. తోరి ఎడమ చేత్తో ఉకె కుడి చెయ్యి జాకెట్‌ని పట్టుకుంటాడు, దాన్ని హికితె అంటాం. ఉకె పడిపోయేదాకా ఆ పట్టు వదలకూడదు, చివర్లో కొంచెం పైకి లాగి పట్టాలి. ఆ లాగుడు ఉకె తలను, పై భుజాన్ని నేలకు అందకుండా ఉంచుతుంది. పట్టు వదిలిపెట్టి చూస్తూ నిలబడే తోరిని ఆపెయ్యండి, వాడికి ఇంకా పడేసే అర్హత రాలేదు. తోరి రెండు కాళ్ల మీద నిలబడే ఉండాలి, ఉకె మీద పడకూడదు. ఉకె వైపు నుంచి తప్పేమిటంటే, పడేటప్పుడు భయంతో తోరి కాలర్‌ని, మెడను కావిలించుకోవడం. చరచాల్సిన చెయ్యి అక్కడ చిక్కుకుపోతుంది, తోరి కూడా వాడి మీదే కూలతాడు.

పట్ల వరసలో మొదట నడుము మీదుగా పడేసే ఒగోషి గానీ ఉకి గోషి గానీ పెట్టండి, అదీ తోరి మెల్లగా దించేలా. వీటిలో ఉకె పక్కకి పడతాడు, చెయ్యి తోరి చేతిలో ఉంటుంది. తర్వాత మెల్లటి దె అషి బారాయ్. ఒసోతో గారి చివరకు. చూడ్డానికి సులువైన పట్టు, అందుకే మొదట నేర్పేస్తాం. కానీ అందులో ఉకె నిలువునా వెనక్కి పోతాడు, కొత్తవాడు రెండు కాళ్లూ బిగబట్టి ఎదిరిస్తాడు, అప్పుడు తల అన్నిటికంటే వేగంగా కిందికి వస్తుంది. జపాన్‌లో తల దెబ్బల లెక్కల్లో పదే పదే కనిపించే పట్టు ఇదే. దీన్ని నేర్పేటప్పుడు ఉకెని గొంతుక్కూర్చోబెట్టి, తోరి రెండు చేతులతో పట్టుకుని దించడంతో మొదలుపెట్టండి. జంటల్లో బరువు తేడా ఐదారు కిలోలు దాటనివ్వద్దు. సీనియర్‌ని కొత్తవాడితో పెడితే సీనియరే పడాలి.

ఇక స్థలం. మ్యాట్ అంటే మన దగ్గర ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఒక మీటరు చదరపు ఫోమ్ పలకలు. 20, 25 మిల్లీమీటర్ల మందంవి నడకకీ, పడుకుని చేసే ఉకెమికీ చాలు. పట్లు వేయాలంటే 40 ఉండాలి, కింద గ్రానైటో టైల్సో ఉంటే మరీను. సన్నటివి రెండు పొరలు వేసినా ఫర్వాలేదు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూడండి. అతుకు దగ్గర సందు వస్తే కాలివేలు ఇరుక్కుంటుంది. నున్నటి టైల్స్ మీద మ్యాట్ మొత్తం జరుగుతుంది, చుట్టూ చెక్క చట్రం కట్టించండి. గోడకీ స్తంభానికీ రెండు మీటర్ల దూరం వదలండి.

జూడోను రూపొందించిన కానో జిగోరో 1882లో టోక్యో ఎయిషోజి గుడిలో కొదోకన్ అనే తన జూడో బడి మొదలుపెట్టినప్పుడు ఆయనకున్నది 12 తతామిల (జపాన్ గడ్డి చాపల) గది, అంటే సుమారు 20 చదరపు మీటర్లు. అంత చోటులో ఒకేసారి ఇద్దరు ముగ్గురు జంటలే పట్లు వేయగలరు. మన పీరియడ్‌లో 40 మంది ఉంటారు. కాబట్టి సగం మంది మ్యాట్ పక్కన నడక, తాయ్ సబాకి చేస్తూ ఉండాలి, పట్లు వేసే జంటలన్నీ ఒకే దిక్కుకు, మధ్య నుంచి బయటికి పడెయ్యాలి. ఇద్దరు ఉకెల తలలు ఢీకొనడం మ్యాట్ దెబ్బకంటే ప్రమాదం.

(సభలో ఒక ఉపాధ్యాయుడు: నలభై నిమిషాల పీరియడ్‌లో ఇదంతా ఎలా కుదురుతుందండీ?)

కుదరదండీ, అన్నీ ఒక రోజు చెయ్యొద్దు. ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, మెడ పని. పది నిమిషాలు నడక, తిరుగుడు. పదిహేను నిమిషాలు ఉకెమి, ఒక్కో రకం పదేసి మూడు విడతలు, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వండి. అలసిన మెడ గడ్డాన్ని పట్టి ఉంచలేదు, అందుకే ఒకేసారి యాభై చేయించడం మంచిది కాదు. మిగిలిన పది నిమిషాలు నేల మీద పట్టు ఆట, ఒసాయెకోమి. పిల్లలకు జూడో ఆడామన్న తృప్తి ఉంటుంది, ఎవరూ పైనుంచి పడరు. ఇలా కనీసం పన్నెండు క్లాసులు అయ్యాకే మొదటి పట్టు. మీ రుమాలు పరీక్షలో, నిలబడి చేసే ఉషిరో ఉకెమిలో వరసగా పదిసార్లు గడ్డం వదలనివాడే ముందుకు.

(మరో ప్రశ్న: యాభై దాటినవాళ్లు నేర్చుకోవచ్చా? పడతామన్న భయంతో వస్తున్నారు.)

నేర్చుకోవచ్చు, కానీ పిల్లల వరస కాదు. ఎముకలు బలహీనంగా ఉన్నాయా అని ముందు డాక్టర్‌ని అడగమనండి. వాళ్లకు చరుపు, ముందు దొర్లుడు అక్కర్లేదు. కుర్చీ పట్టుకుని నేల మీదికి మెల్లగా దిగడం, మోకాలు ఊని లేవడం, మెత్తటి మ్యాట్ మీద కూర్చుని వెనక్కి గుండ్రంగా వాలి గడ్డం లోపలికి పెట్టడం, అంతే. నేల రాసుకుంటూ నడవటం, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం వాళ్లకు అన్నిటికంటే పనికొస్తుంది.

చివరిగా తలకు దెబ్బ తగిలినప్పుడు చేయాల్సింది. ఇది రాసి మ్యాట్ పక్కనున్న గోడకు అంటించండి. తల తగిలిన పిల్లవాడు స్పృహ తప్పకపోయినా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు. "నేను బాగానే ఉన్నాను సార్" అన్న మాట లెక్కలోకి తీసుకోవద్దు. ఒంటరిగా ఇంటికి పంపకండి, తల్లిదండ్రులకు ఫోన్ చేసి అప్పగించండి. మొదటి రెండు రోజులు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, మత్తుగా ఉండి లేపితే సరిగా లేవకపోయినా, ఒక చెయ్యీ కాలూ నీరసించినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనిపించినా ఆ క్షణమే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గర్లో అలాంటి ఆసుపత్రి ఏది, రాత్రిపూట తెరిచి ఉంటుందా, 108 ఎంతసేపట్లో వస్తుంది, ఇవి క్లాసు మొదలుపెట్టే ముందే మీరు కనుక్కుని ఉండాలి. ఏ లక్షణమూ లేకపోయినా, డాక్టర్ సరేనన్నాక, ముందు నడక, తర్వాత ఒంటరిగా ఉకెమి, ఒక్కో దశకు కనీసం ఒక రోజు గడిచి తలనొప్పి తిరిగి రాకపోతేనే తర్వాతి దశ. పట్లకు పడటం అన్నిటికంటే చివర. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండో దెబ్బ చిన్నదైనా ప్రాణం మీదికి తేవచ్చు. వారం తిరక్కుండా టోర్నమెంటు ఉన్నా, వాడు మీ టీమ్‌లో అందరికంటే మంచి ఆటగాడైనా, పేరు కొట్టేయండి.